"ఎవరితో అంటున్నాడ్రా?"

మన స్కూల్ బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. స్పోర్ట్స్ డే గురించీ, గేటు బయట ముంత మసాలా గురించీ రాసేవాళ్లు బోలెడంతమంది ఉంటారు కాబట్టి నేను పదో తరగతి సోషల్ పీరియడ్ పట్టుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం పాఠాన్ని మాస్టారు చకచకా లాగించేసి, తర్వాత నాయకుల ప్రసంగాలూ ఉత్తరాలూ తనే తెలుగులో రాసి తెచ్చి మాచేత చదివించేవారు. చదవడం అయ్యాక ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇది ఎవరితో అంటున్నాడ్రా?"

బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ని వెనక బెంచీవాళ్లు ఎగబడి చదివారు. 1940 జూన్ 4, వాళ్ల పార్లమెంటులోని కామన్స్ సభ, బీచుల్లో పోరాడతాం అనే ముక్క. రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌లో తిరిగే పిల్లలం, ఊగిపోమా మరి! నేవీ పిల్లలైతే పూర్తిగా ఆయన పార్టీ. ఖాళీ చేసి వచ్చేయడం వల్ల యుద్ధాలు గెలవలేమని, బ్రిటన్ సైన్యం వెనక్కి వచ్చేసిన ఫ్రాన్స్ రేవు డంకర్క్ గురించి అదే ప్రసంగంలో అన్నాడు కదా, ఆ వాక్యం దగ్గర గొంతు తగ్గిందేం అని మాస్టారు నవ్వారు.

సరిగ్గా మరుసటి నెలలో అదే బ్రిటన్ ప్రజలకి గాంధీ రాశారు, ఆయుధాలు దించెయ్యండి, హిట్లర్ మీ దేశాన్ని తీసుకుంటే తీసుకోనివ్వండి, మీ ఆత్మలు మాత్రం అప్పగించకండి అని. క్లాసంతా గోల. ఒకమ్మాయి లేచి, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేస్తే తాతగారి ఇంట్లోవాళ్లు చేతికందింది పట్టుకుని ఊరొదిలి పోయారనీ, వాళ్లకి ఈ ఉత్తరం చదివి వినిపించగలమా అనీ అడిగింది. బ్రిటన్‌కి ఆయన ఇచ్చిన ఆ సలహా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ యుద్ధం మొదలవకముందు, 1939 జూలై 23న, హిట్లర్‌కే 'మిత్రమా' అంటూ రాసిన చిన్న ఉత్తరం వేరే సంగతి, దీన్ని ఆపగలిగినవాడివి నువ్వొక్కడివే అని నేరుగా అడగడంలో తప్పేముంది? దాన్ని బ్రిటిష్ ప్రభుత్వం హిట్లర్‌దాకా చేరనివ్వలేదు.

మిత్రదేశాల సేనాధిపతి ఐసెన్‌హోవర్‌వి రెండు కాగితాలు. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీ మీద దాడికి వెళ్లే సైనికులకి గెలుపు తప్ప మరోటి వద్దంటూ ఒకటి, ఓడిపోతే తప్పంతా నాదేనని రాసి జేబులో పెట్టుకున్నది ఇంకోటి. ఆ రెండోది చదివినప్పుడు మాత్రం ఎవరూ గోల చెయ్యలేదు.

అయితే బుర్ర తొలిచింది అశోకుడు. కళింగ యుద్ధంలో లక్షమందిని చంపి, లక్షన్నరమందిని తరలించి, పశ్చాత్తాపపడుతున్నానని పదమూడో శిలాశాసనంలో చెప్పినవాడు, అందులోనే అడవి జనాలకి, బాధపడుతున్నా నాకు బలం తగ్గలేదు సుమా అని హెచ్చరిక కూడా పెట్టాడు. పైగా ఆ శాసనం ఎక్కడెక్కడో ఉంది గానీ, దెబ్బతిన్న కళింగలో, అంటే ఇప్పటి ఒడిశాలోని ధౌళిలో, జౌగడలో లేదు! అక్కడ దాని బదులు ప్రజలంతా నా బిడ్డలే అని చెక్కించాడు. "మనమూ ఆ కళింగవాళ్లమేరా, మనకే ఎందుకు చెప్పలేదంటారు?" అన్నారు మాస్టారు.

ముఖం చెల్లక అని బ్యాచ్‌లో చాలామంది అంటారు. పచ్చి రాజకీయం అని నేనంటాను, ఓడినవాళ్లకి వాళ్ల శవాల లెక్క ఏ రాజూ గుర్తు చెయ్యడు. ఒప్పుకోనివాళ్లు రీయూనియన్‌కి రండి, తేల్చుకుందాం.