మూడో లెవెల్ దగ్గర ఆగిపోయిన నా తమిళ చదువు

నిన్న రాత్రి కూడా అంతే. స్టోరీవీవర్‌లో (పిల్లల కథల సైటు) రెండో లెవెల్ తమిళ కథలు హాయిగా సాగిపోతున్నాయి, వాటి గొడవ లేదు. మూడో లెవెల్ (600 నుంచి 1500 మాటలు) తెరవగానే నిమిషానికి 60 మాటల వేగం కాస్తా 35కి పడిపోతోంది. చిరాకేసి ఫోను పక్కన పడేశా.

మాటలు రాక అనుకుందామంటే, తెలియనివి నూటికి మూడే. సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ వాళ్లు 2000లో చెప్పారు, నాది దానికి దగ్గరే. ఒకే అక్షరాన్ని 'క' అనీ 'గ' అనీ చదవాల్సి రావడం కూడా కాదు, పైకి చదివితే ఎక్కడా తడబడట్లేదు. చివరికి ఓ కథ ప్రింట్ తీసి, కన్ను వెనక్కి మళ్లిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టా. మొదటి రెండొందల మాటల్లో 22 గీతలు! నిజంగా తెలియని మాటలవి ఐదే. నాలుగు 'అందప్ పెట్టి' (ఆ పెట్టె) లాంటివి: పక్క మాటలోని హల్లు ముందు మాట చివర వచ్చి కూర్చుంటుంది, మాట అయిపోయిందో లేదో కంటికి తెలీదు. మిగతా 13 క్రియలే, అన్నీ రోజూ వినేవే. చెన్నైలో చెవినపడేది 'పోయిట్టిరుందాన్', పుస్తకంలో ఉండేది 'పోయ్‌క్కొండిరుందాన్'. రెండిటికీ అర్థం 'వెళ్తూ ఉన్నాడు' అనే.

నా అనుమానం, ఆ 98 శాతం ఇంగ్లిష్ చదివేవాళ్ల మీద తేల్చిన లెక్క. తమిళంలో క్రియ వెనక ఇంత తోక ఉన్నప్పుడు 'తెలిసిన మాట' అని దేన్ని లెక్కేయాలి? అదే కథ మూడోసారి చదివితే 55 వచ్చింది, కొత్తది తీస్తే మళ్లీ 37. కార్డులతో మాటలు గుర్తుపెట్టించే ఆంకీ యాప్ దీనికి శుద్ధ దండగ. కార్డు మీద ఠక్కున పట్టేసిన రూపం వాక్యంలో కనబడితే దిక్కులు చూస్తున్నా. నొక్కితే అర్థం చెప్పే డిక్షనరీలు ఇంకా దండగ, చదివే ఊపే పోతుంది.

ఇక పాత అంబులిమామా (తమిళ చందమామ) పట్టుకుంటా. చందమామా అదీ 1947 జులైలో కలిసే పుట్టాయి. బేతాళ కథలు ఎటూ తెలిసినవే, ధ్యాసంతా క్రియల మీద పెట్టొచ్చు. కాకపోతే 1978 లిపి సంస్కరణకి ముందు సంచికల్లో 'లై', 'ణై', 'నా' పాత రూపాల్లో ఉంటాయి. అందుకని ముందు ఎనభైల నాటివి వెతుకుతా. దొరక్కపోతే ఆ పాత గుణింతాలూ నేర్చుకోవడమే.