ఫైలు నెంబరు 12: హారర్ సినిమాను ఆటలోకి లాగబోయి మేం పడ్డ పాట్లు

మా షార్ట్ ఫిల్మ్ నిడివి 17 నిమిషాలు. దాని చుట్టూ అల్లిన ఆట 42 రోజులు నడవాలని రాసుకున్నాం, 23 రోజుల్లో ముగిసింది. ఆ 23లో ఒక వారం దుకాణం మూసుకుని కూర్చున్నాం. రెండు రోజులు మా తెలివితక్కువతనానికి పోయాయి. ఇంకొక రోజు ముక్కూమొహం తెలియని ఓ పెద్దాయన నిద్ర చెడగొట్టినందుకు పోయింది.

ముందు కథ చెప్పాలి. రాత్రి షిఫ్టులో ఆడియో ఫైళ్ళు విని టైపు చేసే అమ్మాయి. డాక్టర్ల డిక్టేషన్లు, ఇంటర్వ్యూలు, ఏవొస్తే అవి. ఒక రాత్రి 11వ నెంబరు ఫైల్లో ఎంతసేపు విన్నా ఏమీ ఉండదు. ఉద్యోగ నియమం ప్రకారం "[నిశ్శబ్దం]" అని టైపు చేస్తుంది. ఆ మాట పూర్తయిన మరుక్షణం ఫైల్లో ఎవరో ఊపిరి పీలుస్తారు. చివరికి ఖాళీ కుర్చీ, ఎదురుగా కంప్యూటర్ తెర మీద "ఫైలు నెంబరు 12 సిద్ధంగా ఉంది". అక్కడితో సినిమా అయిపోతుంది.

"ఆ పన్నెండోది చూసినవాళ్ళ చేతికే ఇచ్చేస్తే?" అన్నాడు మా ఎడిటర్. అన్నవాడు తర్వాత మూడు వారాలు నిద్రలేక తిట్టుకున్నాడు, అది వేరే సంగతి.

ఆల్టర్నేట్ రియాలిటీ గేమ్, పొట్టిగా ఏఆర్‌జీ, ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇందులో కథ ఒకచోట కుదురుగా ఉండదు. ముక్కలు ముక్కలుగా వెబ్‌సైట్లలో, ఈమెయిళ్ళలో, ఫోన్‌లో వినిపించే గొంతులో, పోస్టర్ మూలన చిన్న అక్షరాల్లో దాగి ఉంటుంది. ఆడేవాళ్ళు ఏరుకొచ్చి నలుగురూ కలిసి పేర్చుకోవాలి. లోపలికి దారి చూపే మొదటి ఆనవాలుకు కుందేలు బొరియ అని పేరు. వెనక దాక్కుని ఆడించేవాళ్ళు పప్పెట్ మాస్టర్లు. ఇరుపక్షాల మధ్యా ఉండేది తెర. ఆట తాను ఆట కాదని ఆఖరిదాకా బుకాయించడం అసలు సూత్రం.

హారర్‌కు ఈ బుకాయింపు కొత్తేమీ కాదు. 1999లో విడుదలైన హారర్ సినిమా బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్‌కు ముందుగానే ఒక వెబ్‌సైట్ పెట్టి, ముగ్గురు విద్యార్థులు నిజంగానే అడవిలో తప్పిపోయినట్టు నమ్మించారు. ప్రధాన నటి తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయంటే జనం ఎంత నమ్మారో చూడండి. కానీ అక్కడ చూసినవాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, నమ్మడం తప్ప. 2001లో స్పీల్‌బర్గ్ తీసిన ఏ.ఐ. సినిమా ప్రచారానికని మైక్రోసాఫ్ట్ బృందం నడిపిన ఆటలో మాత్రం చేతినిండా పని. సినిమా పోస్టర్ మీది పేర్లలో "సెంటియంట్ మెషీన్ థెరపిస్ట్" అని, లోకంలో లేని ఉద్యోగంతో ఒక పేరు వేశారు. అదెవరో అని వెతికినవాళ్ళు బొరియలో పడ్డారు. తయారుచేయాల్సిన ఫైళ్ళ జాబితా మొదట్లో 666 దగ్గర తేలిందని ఆ ఆటకు బీస్ట్ అని పేరు పడింది. పేరే గాని అది హారర్ కాదు. మొదటిదాని భయం, రెండోదాని పని కలిపి వండుదామన్నది మా ఆశ. డబ్బు లేదు, నలుగురం ఉన్నాం: నేను, ఎడిటర్, సౌండ్ చూసే మిత్రుడు, ఒక ప్రోగ్రామర్. మా హీరోయిన్ ఐదో మనిషి.

సినిమాలో ఆమె పనిచేసే కంపెనీకి ఉద్యోగుల పోర్టల్ కట్టాం. లోపలికి వెళ్ళడానికి ఉద్యోగి నెంబరు కావాలి. అది సినిమాలో ఆమె మెడలో ఊగే ఐడీ కార్డు మీద సరిగ్గా ఒక సెకను, అంటే 24 ఫ్రేములు కనబడుతుంది. లోపల 12 నుంచి 23 దాకా ఆడియో ఫైళ్ళు. విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే "ఆమోదించబడింది" అని వచ్చి తర్వాతిది తెరుచుకుంటుంది. తప్పయితే "తిరస్కరించబడింది. మళ్ళీ వినండి" అంటుంది. ఒక్కో ఫైలుకు సగటున మూడున్నర రోజులు పడుతుందని లెక్కేసి 42 రోజులన్నాం.

మొదటి దెబ్బ ఐడీ కార్డే. చీకటి సీను. మా మానిటర్ మీద నెంబరు స్పష్టంగా ఉంది. అప్‌లోడ్ చేశాక వీడియో కుదింపులో చీకటి భాగాలన్నీ గళ్ళుగళ్ళుగా ముద్దయిపోయి 3 కాస్తా 8 అయింది. కార్డు మీద వెలుగు పెంచి మళ్ళీ ఎక్కించాం.

రెండో దెబ్బ మా సౌండ్ మిత్రుడి ముచ్చటకు. 13వ ఫైల్లో 16 కిలోహెర్ట్జ్‌కు పైన ఒక తలుపు బొమ్మ దాచాడు. చెవికి దాదాపు అందదు, శబ్దాన్ని బొమ్మగా గీసి చూపే స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూస్తే మాత్రం బొమ్మ తేలుతుంది. నాలుగు రాత్రులు కూర్చుని చేసిన పని. సైట్‌లో పెట్టేటప్పుడు నేనేమో ఫైలు తేలిగ్గా ఉండాలని 128 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చేశాను. ఆ రేటు దగ్గర, ఫైలును కుదించే ఎన్‌కోడర్ ముందు కోసి పారేసేది ఆ పై భాగాన్నే. తలుపు తుడిచిపెట్టుకుపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక 14వ ఫైలు. అంతకు ముందు రెంటికీ జవాబులు అంకెలు. ఇక్కడినుంచి వాక్యాలు. ఆమె గొంతు మెల్లగా అంటుంది: "వాళ్ళు తలుపులన్నీ మూసి వెళ్ళిపోయారు. ఫైల్‌లో ఇంకా ఎవరో ఉన్నారు." పెద్ద కష్టమేం కాదు, గంటలో తేలుస్తారనుకున్నాం. ఒక్కరూ దాటలేదు. మర్నాడు కూడా.

కారణం తెలుగు. మా ప్రోగ్రామర్ జవాబును అక్షరానికి అక్షరం పోల్చే కోడు రాశాడు. మేం రాసింది "వాళ్ళు". సగం మంది "వాళ్లు" అని కొడతారు. చూపుకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు ళ కింద ళ వేరు, ళ కింద ల వేరు. "ఫైల్‌లో" అన్న మాటను విడదీసి చూపడానికి మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "ఫైల్లో", "ఫైలులో" అని కొట్టేవాళ్ళ దగ్గర అది ఉండదు. ఇవన్నీ దాటిన పుణ్యాత్ములు కూడా లోపలికి రాలేదెందుకంటే, అతికించేటప్పుడు మా జవాబు చివర ఒక ఖాళీ అంటుకుంది. అంటే ప్రపంచంలో ఎవరూ ఇవ్వలేని జవాబు.

దిద్దడం పెద్ద పని కాలేదు. కనబడనివి, ఖాళీలు, చుక్కలు తీసేసి, ళ్లను ళ్ళగా మార్చి, ఆ పైన రెండు మూడు అక్షరాల తేడా ఉన్నా వదిలేయమన్నాం. ఆ రెండు రోజులూ ఆడేవాళ్ళ చాట్ గ్రూపులోకి తొంగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. మారుపేరుతో అందులో ఉన్నాను గాని, సిగ్గేసి నోటిఫికేషన్లు కూడా ఆపేశాను.

దిద్దిన రాత్రే కొంప మునిగింది. 15 నుంచి 23 దాకా తొమ్మిది ఫైళ్ళు ఒక్క రాత్రిలో ఖాళీ. సైఫర్లు, అంటే రహస్య లిపులు, తెలిసినవాడు ఒకడు, పాత టెలిఫోన్ టోన్లు చెవితోనే గుర్తుపట్టేది ఇంకొకామె. బీస్ట్ నడిపినవాళ్ళూ ఇలాగే, రోజుకొకటి, వారానికొకటి, నెలకొకటి అని మెట్లు కట్టిన పజిళ్ళన్నీ మొదటి రోజే విప్పేశారని చెప్పుకున్నారు. చదివినప్పుడు నవ్వుకున్నాను. వందల బుర్రలు ఒకటైతే ఏమవుతుందో అప్పుడు తలకెక్కలేదు.

అయిపోయినందుకు కాదు నాకు బాధ. గ్రూపులోకి వెళ్ళి చూస్తే అందరూ నవ్వుతున్నారు. "దెయ్యం మేడమ్, నెక్స్ట్ పేపర్ ఇవ్వండి" అని జోకులు. మేం పెట్టింది హారర్, వాళ్ళు రాసింది క్విజ్. ఎక్కడ చెడిందో ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. సినిమాలో "తలుపు తియ్యకే" అని మనం ఎంత గొంతు చించుకున్నా ఆమె తీస్తుంది. మన చేతులు కట్టేసి ఉండటంలోనే భయమంతా ఉంది. ఆట ఆ చేతులు విప్పుతుంది. చిక్కుముడి విప్పినవాడు గెలిచినవాడు, గెలిచినవాడికి భయమెందుకుంటుంది? బయటి ఆటల్లో చూసిన పజిళ్ళను తెచ్చి దెయ్యం కథ మీద చల్లాం, అంతే.

పోర్టల్‌కు "సర్వర్ నిర్వహణలో ఉంది" అని బోర్డు తగిలించి వారం తీసుకున్నాం.

తిరిగి తెరిచినప్పుడు ఒక్కటే ఫైలు, 24వది. ఇరవై నిమిషాల నిశ్శబ్దం. ముందుకు జరపడానికి లేదు. ఆ కిటికీ వదిలి ఇంకో ట్యాబ్‌లోకి వెళ్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఎంత తెలివైనవాడికైనా ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలే. పదమూడో నిమిషం దగ్గర దూరంగా కుర్చీ జరిగిన చప్పుడు, సగం సెకను. అంతకుమించి ఏమీ లేదు. చివర టైపు చేసే పెట్టె.

ఏం టైపు చేయాలి? ఉన్నది ఉన్నట్టు. ఉన్నదేమిటి? నిశ్శబ్దం. సినిమాలో ఆ అమ్మాయి ఏం కొట్టిందో, కొట్టాక ఏమైందో వాళ్ళందరూ చూసినవాళ్ళే. ఆ రాత్రి సర్వర్ లాగులు చూస్తూ కూర్చున్నాం. ఒకరు "[నిశ్శ" దాకా కొట్టి చెరిపేశారు. మళ్ళీ కొట్టారు, చెరిపేశారు. ఇరవై నిమిషాలు ఓపిగ్గా విన్నవాళ్ళలో పదకొండు మంది ఆ పెట్టె ఖాళీగా వదిలి వెళ్ళిపోయారు. మా ప్రోగ్రామర్ అంకెలు చూపించి "డ్రాప్ ఆఫ్ ఎక్కువుంది" అన్నాడు. నాకు మాత్రం ఆ పదకొండు మందికీ దండం పెట్టాలనిపించింది.

25వ ఫైలుతో పాటు చేతిరాత కాగితం ఒకటి పెట్టాం, దాని మీద ఫోన్ నెంబరు. ఆ నెంబరుకు చేస్తే ముందుగా "ఇది కల్పిత కథలో భాగం" అని చెప్పి ఆ తర్వాతే కథ వినిపించేలా రికార్డు చేశాం. 1992 అక్టోబరు 31న బీబీసీ గోస్ట్‌వాచ్ అని ఒక దెయ్యాల కార్యక్రమాన్ని లైవ్‌లా చూపించింది. తెర మీది నెంబరు కలిస్తే ఇది కథేనని చెప్పేవాళ్ళు, కానీ లైన్లు బిజీ అయి చాలామందికి ఆ మాట అందలేదు. అందుకని రద్దీ తట్టుకునే లైను తీసుకున్నాం. అంత జాగ్రత్త పడ్డవాళ్ళం చేతిరాతలో 1 తలకు తోక కాస్త పొడవు పెట్టేశాం. సగం మందికి అది 7.

ఆ 7 ఉన్న నెంబరు ఓ పెద్దాయనది. అర్ధరాత్రి దాటాక మొదటి కాల్. "పన్నెండో ఫైలు మీ దగ్గరుందా?" అని ఎవరో గుసగుసగా అడిగారు. ఆయన ఆఫీసు పని అనుకుని, "మా అబ్బాయి పడుకున్నాడమ్మా, పొద్దున చెయ్యి" అన్నారు. ఆ వాక్యం ఐదు నిమిషాల్లో గ్రూపులో పడింది. అబ్బాయి ఎవరు, పొద్దున అంటే ఎన్నింటికి, పడుకోవడమంటే చచ్చిపోవడమా? తెల్లారేలోగా ఇంకో ఏడుగురు చేశారు.

నేను చూసేసరికి నాలుగైంది. తెర అలాగే ఉంచి, కథలోంచే "ఆ నెంబరు తప్పు" అని చెప్పిద్దామన్నాడు ఎడిటర్. కథలోంచి చెబితే అదీ ఆనవాలే అనుకుంటారు, ఇంకా ఎక్కువ చేస్తారు. పోర్టల్ మొదటి పేజీ మొత్తం తెల్లగా మార్చి, "ఇది ఆటే. మేం నెంబరు తప్పు రాశాం. దయచేసి ఎవరూ ఫోన్ చేయొద్దు" అని మా అసలు పేర్లతో పెట్టాం. ఒక రోజంతా అదే ఉంచాం. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. తిట్లకు సిద్ధపడే చేశాను. అంతా విని, "ఇంతకీ ఆ పన్నెండో ఫైలు దొరికిందా బాబూ?" అన్నారు.

చివరి ఫైలు గురించి ఎక్కువ చెప్పను, చేసినదాంట్లో నాకు నచ్చింది అదొక్కటే. చేరేటప్పుడే "మీరు టైపు చేసింది కథలో వాడుకోవచ్చా" అని అడిగి టిక్కు పెట్టించుకున్నాం. పన్నెండో ఫైలు నుంచి వాళ్ళు కొట్టిన వాక్యాలు, తప్పులు, సగంలో ఆపేసినవి, కోపంతో కొట్టిన బూతులు కూడా ఏరి, మా హీరోయిన్ చేత ఒక్కొక్కటే చదివించాం. గొంతు పోయింది పాపం. అన్నిటినీ వరస పెట్టి వింటే ఎవరో మాటలు నేర్చుకుంటున్నట్టు ఉంటుంది. ఇన్నాళ్ళూ టైపు చేసి చేసి దానికి మాట నేర్పింది తామేనని వాళ్ళకు అక్కడ తెలియాలి. ఆ రాత్రి గ్రూపులో జోకుల్లేవు. చాలాసేపటికి ఒకామె "నా వాక్యం 4వ నిమిషంలో ఉంది" అని మాత్రం రాసింది.

ఆట ముగిశాక వీడియో కాల్‌లో అందరం కలిశాం. దేనికి ఎక్కువ భయపడ్డారని అడిగాను. నిశ్శబ్దం ఫైలో, చివరిదో అంటారనుకున్నాను. ముగ్గురు నలుగురు ఒకేసారి "పద్నాలుగు" అన్నారు. సరైన జవాబు ఇస్తుంటే రెండు రోజులు "తిరస్కరించబడింది. మళ్ళీ వినండి" అంటూనే ఉందట. మళ్ళీ విన్నారట. వందలసార్లు. ఒకతనికి ఆమె గొంతు వెనక ఇంకో గొంతు వినపడటం మొదలైందట, ఆ గొంతు ఏమంటోందో కాగితం మీద రాసి కూడా పెట్టుకున్నాడు. ఇంకొకామె హెడ్‌ఫోన్లు తీసేసినా ఆ వాక్యం ఆగలేదని, లైటు వేసుకుని పడుకుందని చెప్పింది.

"అసలు ఆ ఐడియా ఎలా వచ్చింది సార్? తెలిసిన జవాబును కూడా ఒప్పుకోకపోవడం?"

చాలా ఆలోచించి పెట్టాం అన్నాను. మా ప్రోగ్రామర్ కెమెరా ఆపేసుకున్నాడు.