టాంకర్‌కు పగలు దారి లేదు

ఉదయం మా బంకు ట్యాంకులో డిప్ రాడ్ (మట్టం కొలిచే కడ్డీ) వేసి చూస్తే పెట్రోలు మధ్యాహ్నం దాకా సరిపోతుందనే నమ్మకం కలగలేదు. రాజమండ్రిలో పొద్దున్నే లోడైందని ఫోనొచ్చిన టాంకర్ పదకొండయినా జాడ లేదు. "బైకుకు వంద రూపాయలకే కొట్టండి" అని ఓనరుగారు ఫోన్‌లో చెప్పడం తేలికే, ఆ మాట కస్టమర్‌కు చెప్పాల్సింది మా కుర్రాళ్లు.

సంగతేంటంటే మా సెంటర్‌లో కొత్త బోర్డు పెట్టారు. ఎర్ర వలయం, కింద తెలుగులో "ప్రమాదకర సరుకు వాహనాలకు ఉ. 7 నుంచి రా. 9 వరకు ప్రవేశం లేదు". గౌతమి వంతెన దాటి రావులపాలెం మీదుగా హాయిగా వచ్చిన బండిని ఇక్కడ హోంగార్డు ఆపి, కాలవ గట్టు రోడ్డు చూపించాడట.

"ఆయ్, గట్టు మీద నుంచే వచ్చానండి. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరొస్తే ప్రాణం పోయిందనుకోండి" అన్నాడు డ్రైవరన్న దిగుతూనే. చమట తుడుచుకుని, చెయ్యాల్సినవన్నీ వరసలో చేశాడు: ఎర్తింగ్ వైరు తగిలించాడు, సీళ్లు చూపించాడు, శాంపిల్ తీశాడు. ఈయనంటే నాకు గౌరవం. ఇలాంటి సరుకు తోలేవాళ్లకు వేరే ట్రైనింగుంది, లైసెన్సులో అందుకు విడిగా రాసే ఎండార్స్‌మెంటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అది మూడేళ్లు చెల్లుతోంది, అంతకుముందు ఏడాదికే అయిపోయేది. తెలుగుతో పాటు ఇంగ్లీషూ చదవడం రావాలని రూలు. అది మాత్రం ఆయనకు మంట.

దింపుతున్నంతసేపూ టాంకర్ వెనక పలక చూస్తూ కూర్చున్నాను. ఎర్ర డైమండులో మంట బొమ్మ, 3 అంకె. పక్కన 1203, దానిపైన 3వైఈ. 1203 అంటే పెట్రోలు, డీజిల్‌కైతే 1202, గ్యాస్‌ బండికి 1075, కాకినాడ వైపు ఎరువుల ఫ్యాక్టరీల దగ్గర తిరిగే అమ్మోనియా టాంకర్లకు 1005. ప్రపంచమంతా ఇవే నంబర్లు. పై కోడు ఫైరువాళ్ల కోసం. 3 అంటే నురగతో ఆర్పాలి. వై అంటే ఊపిరి పరికరం పెట్టుకోవాలి, కారిన సరుకును డ్రెయిన్లలోకి, నీళ్లలోకి పోనివ్వకూడదు. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చెయ్యాలి.

ఆ వై దగ్గరే ఆగిపోయాను. నీళ్లలోకి పోనివ్వొద్దని వీపున రాసుకున్న బండిని మనం తీసుకెళ్లి కాలవ గట్టెక్కించాం! పక్కనున్నది మురుగు కాలవ కాదు, మంచినీళ్ల చెరువులు నింపేది అదే. వేసవిలో కాలవలు కట్టేసేలోగా నింపుకున్న నీళ్లతోనే ఊళ్లు నెట్టుకొస్తాయి. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది, నీళ్లు పోస్తే మంట ఆరదు సరికదా, దాంతో పాటే పాకుతుంది. మావాళ్లయితే ముందు బిందెలే పట్టుకొస్తారు.

బోర్డు పెట్టినవాళ్లను తప్పుపట్టలేను. పొద్దున్న సెంటర్‌లో స్కూలు ఆటోలు, కూరగాయల బళ్లు, పాల క్యాన్లు. ఆ మధ్యలోంచి ఇరవై వేల లీటర్లతో టాంకర్ పాకుతూ పోవడం నాకూ నచ్చేది కాదు. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు లీకై ఇళ్లు కాలిన తర్వాత కోనసీమలో ఎవరికి భయం ఉండదు? కానీ నిషేధం రాసినవాళ్లు బండి ఏ దారిన పోవాలో కూడా రాయాలి కదా. ఇప్పుడైతే దారి హోంగార్డు చెయ్యి ఎటు తిరిగితే అటే.

సాయంత్రం ఓనరుగారితో ఇదే అన్నాను. లోడు సాయంత్రం పెట్టించి, తొమ్మిది దాటాక సెంటర్ మీదుగానే రప్పిద్దామని. "రాత్రి దింపనిస్తారా?" అన్నారు. సరిపడా కరెంటు లైట్లుంటే పెట్రోలియం రూల్స్ ఒప్పుకుంటాయి. మా దింపే చోటున్నది ఒక్క ట్యూబ్‌లైటు, అదీ ఆరుతూ వెలుగుతూ. లైట్లకు ఎంతవుతుందో ఎస్టిమేటు వేయించమన్నారు. ఈలోగా గురువారం లోడుకు గట్టు రోడ్డే గతి. ట్రాక్టర్లు తిరగని టైము చూసుకుని, మా కుర్రాణ్నొకణ్ని బైకు మీద ముందు పంపుతానని డ్రైవరన్నకు ఫోన్ చేసి చెప్పాను.