గాజు ఫ్యూజు నల్లబడితే

ఫ్యూజు విప్పగానే నేను మొదట చూసేది గాజు రంగు. గాజు తేటగా ఉండి లోపలి తీగ మధ్యలో సన్నగా తెగితే, కాస్త ఎక్కువ లోడు పడిందో, పాతబడి పోయిందో అనుకోవచ్చు. గాజు లోపలంతా నల్లగా మసిపట్టి తీగ జాడే లేకపోతే మాత్రం ఎక్కడో షార్టు ఉందన్నమాటే. మా ఇంట్లో పాత అసెంబుల్డ్ యాంప్లిఫయర్‌లో పోయింది ఈ రెండో రకం.

పక్కింటి బాబాయ్ చూసి, "సిగరెట్ పెట్టెలో రేకు చుట్టి పెట్టెయ్‌రా, పాడుతుంది" అన్నాడు. "పాడదు బాబాయ్, ఫ్యూజు బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది" అన్నాను. ఈ రేకు వైద్యానికి ఎన్ని సెట్లు బలయ్యాయో!

పాత ఫ్యూజు మూత మీద 'టి 1 ఏ, 250 వి' అని చెక్కి ఉంది. టి అంటే నెమ్మదిగా తెగే రకం. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది కాబట్టి, చటుక్కున తెగే 'ఎఫ్' రకం వేస్తే ఏ లోపమూ లేకపోయినా పోవచ్చు. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీలో మూత మీది అక్షరం చదివి మరీ తీసుకున్నాను.

కొత్తది పెట్టి నేరుగా ప్లగ్గు పెట్టలేదు. ఫేజు వైరుకు వరసలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కలిపిన సిరీస్ బోర్డు నా దగ్గరుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల ఎంత షార్టున్నా ఈ బల్బు అర ఆంపు కూడా దాటనివ్వదు, ఫ్యూజు భద్రం. స్విచ్ వేస్తే బల్బు ధగధగా వెలిగి, అలాగే ఉండిపోయింది, అంటే షార్టు ఇంకా ఉంది. ప్లగ్గు పీకి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి యాంప్లిఫయర్ సర్క్యూట్ బోర్డుకు వెళ్లే వైర్లు విడదీసి మళ్లీ వేశాను. ఈసారి బల్బు వెలిగీ వెలగనట్టుంది. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది, రోగం సర్క్యూట్ బోర్డులోనే. హమ్మయ్య అనిపించింది, ఖరీదైన భాగం ట్రాన్స్‌ఫార్మరే మరి.

ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జి ఉండొచ్చు. మల్టీమీటరులో వోల్టేజి సున్నా దగ్గరికి వచ్చాకే చెయ్యి పెట్టాను. ఆ తర్వాత ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలోని నాలుగు డయోడ్లను (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) మీటరు డయోడ్ మోడ్‌లో చూశాను. మంచి డయోడ్ ఒకవైపు 0.5, 0.6 అలా చూపించి, ప్రోబులు తిప్పిపెడితే ఏమీ చూపించదు. ఒకటి మాత్రం ఎటు పెట్టినా 'కుయ్' మంది. ఒక కాలు ఊడదీసి చూసినా అదే కూత. దొంగ దొరికాడు.

ఒక్కటే మార్చినా నడిచేది. కానీ షార్టు కరెంటు మిగతావాటి గుండా కూడా వెళ్లి ఉంటుంది కదా, నాలుగింటికీ 1ఎన్5408 డయోడ్లు వేశాను. వెండి గీత ఎటుందో చూసుకుని టంకం పెట్టాలి.

సిరీస్ బోర్డు మీద బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. అప్పుడు నేరుగా పెట్టాను, ఫ్యూజు నిలిచింది. ఎడమ స్పీకర్‌లో వాల్యూమ్ తిప్పినప్పుడల్లా గరగర వస్తోంది గానీ అది కంట్రోలులో చేరిన దుమ్ము, ఇంకో ఆదివారం చూడాలి.