టిగ్రినా లేబుల్ కింద ఏముంది? పాత కీచురాళ్లను మళ్లీ గుర్తించిన నా అనుభవం

కేరళ వాళ్లు చీవీడు అనే కీచురాయిని నూరేళ్లకు పైగా ‘పురానా టిగ్రినా’ అనే రాసుకుంటూ వచ్చారు. అది 1850లో కీటక శాస్త్రవేత్త వాకర్ పేరు పెట్టిన మలేషియా జాతి. శరీర భాగాలు పోల్చి చూస్తే ఇక్కడిది వేరని తేలి, ‘పురానా చీవీడా’ అయింది. అంటే దక్షిణాది కీటక సంగ్రహాల పెట్టెల్లో టిగ్రినా లేబుల్‌తో ఉన్న ప్రతి నమూనానూ మళ్లీ చూడాల్సిందే. (మనకైతే చెట్టు మీద అరిచే సికాడా అయినా, గోడ మూల అరిచే చిన్న పురుగైనా ఒకటే కీచురాయి. ఇక్కడ చెప్పేది సికాడా గురించే.)

రంగును నేను ముందే పక్కన పెట్టేస్తాను. పచ్చగా ఉన్న పురుగు ఎండితే గోధుమరంగుకు తిరుగుతుంది, ఆల్కహాల్‌లో ఇంకా త్వరగా. వీపు మీది చారలు కూడా ఒకే చెట్టు మీది రెండు పురుగుల్లో ఒకేలా ఉండవు. అసలు సంగతంతా పొట్ట వైపే ఉంది.

మగ పురుగును వెల్లకిలా పెట్టండి. వెనక కాళ్ల మొదట్లో రెండు పలకలు కనిపిస్తాయి, అవే ఆపర్క్యులాలు. ఒక్కోటి ఎంత పొడవు, పొట్టలో ఎన్నో ఖండం దాకా వచ్చింది, కొస గుండ్రమా మొనదేలిందా, రెంటి మధ్య సందు ఎంత అన్నవి రాసుకోవాలి. పొట్ట 3, 4 ఖండాల కింద జంటగా బుడిపెలు ఉంటే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పురానాయేనన్న నమ్మకం కుదురుతుంది. పలక కొంచెం వాలి ఉన్నా కొలత తగ్గిపోతుంది. నాకు మొదట్లో వచ్చిన తేడాల్లో సగం ఇలాంటివే. పలక లెన్సుకు సమతలంగా వచ్చేదాకా మైనం ముద్ద మీద పురుగును సర్దుకుని, అప్పుడే కొలవాలి. కుబుసం విడిచిన రోజే పట్టిన మెత్తటి పురుగులో పలకలు ఎండి ముడుచుకుపోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు.

తర్వాత జననాంగం. ఎండిన పురుగును తడి ఇసుక, రెండు థైమాల్ పలుకులు వేసిన మూత డబ్బాలో 24 నుంచి 48 గంటలు ఉంచితే కీళ్లు వదులవుతాయి. థైమాల్ మానేస్తే బూజు పడుతుంది. పొట్ట కొసన జననాంగం ఉండే ఖండాన్ని, అంటే పైగోఫర్‌ను, సన్నటి కత్తెరతో వేరు చేసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తాను, అంటే 10 గ్రాముల బిళ్లలకు నీళ్లు కలిపి 100 మి.లీ. చేసిన ద్రావణం. చల్లగా అయితే రాత్రంతా, వేడినీటి గిన్నెలో పెడితే 10 నిమిషాల నుంచి మొదలుపెట్టి చూస్తూ ఉండాలి. మరిచిపోతే పొరలు కరిగి ఈడియాగస్ (మగ పురుగు సంగమ అవయవం) ఆకారమే పోతుంది, తిరిగి రాదు. నీళ్లలో కడిగి, ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం తగిలించి, గ్లిజరిన్‌లో అన్‌కస్‌ను (జననాంగంలో కొక్కెంలాంటి భాగం) పై నుంచీ పక్క నుంచీ చూసి బొమ్మ గీసుకుంటాను. చివరికి దాన్ని చిన్న గ్లిజరిన్ సీసాలో వేసి పురుగును గుచ్చిన సూదికే గుచ్చాలి. విడిగా పెట్టిన సీసా ఏ పురుగుదో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ తెలియదు.

పాత నమూనాల్లో పెద్ద ఇబ్బంది సూదితోనే. నడుమ గుచ్చితే వీపు మీది మధ్య గీత పోతుంది, కింద ఒక్కోసారి ఆపర్క్యులం చీలుతుంది. నడిమి గీతకు కాస్త కుడిగా గుచ్చాలి. ఆడవాటికి శబ్దం పుట్టించే టింబల్ పొర లేదు, జాతి తేల్చడం కష్టం. జతగా దొరికినప్పుడే మగదానితో కలిపి రాసుకోవాలి.

వేరని తేలగానే కొత్త పేరుకు తొందర పడకండి. ఆ ప్రాంతపు పురుగుకు ఎవరైనా ముందే పెట్టిన పేరు పర్యాయనామాల (ఒకే జాతివని లెక్కవేసిన వేరు పేర్ల) జాబితాలో మూలన పడి ఉందేమో చూడాలి. ఉంటే అదే చెల్లుతుంది. లేకపోతే ఒక హోలోటైప్‌ను (కొత్త పేరుకు ఆధారంగా నిలిచే ఒకే నమూనాను) ఎంచి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో వ్యాసంలో స్పష్టంగా రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జూబ్యాంక్ (జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక ఆన్‌లైన్ పట్టిక) నమోదూ తప్పనిసరి. పాత లేబుల్‌ను మాత్రం పీకేయకూడదు. కొత్త నిర్ధారణ చీటీ, తేదీతో సహా, దాని కిందే అదే సూదికి గుచ్చాలి.