మా అమ్మాయికి నేను రాయని బ్యాలెట్

డిష్‌వాషర్లో గిన్నెలు సర్దుతుంటే మా అమ్మాయి వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "ఇది నువ్వే రాశావా?"

చూస్తే నేనే. కిందటి నెల ప్రసంగాల టోర్నమెంట్లో జడ్జిగా ఓ పిల్లకి రాసిన బ్యాలెట్, అంటే ర్యాంకుతో పాటు నాలుగు మాటలు రాసిచ్చే కాగితం. "నాలుగో నిమిషంలో మాట మర్చిపోయి ఆగిపోయావు. అంతసేపూ మా వైపే చూస్తూ నిలబడ్డావు, తల దించలేదు. నీ ప్రసంగంలో నాకు బాగా నచ్చిన చోటు అదే." వేరే స్కూలు పిల్ల. పోటీల్లో కలిసి కలిసి మా అమ్మాయికి ఫ్రెండయిందట. జడ్జి పేరు చూసి అడిగిందట, మీ అమ్మేనా అని. మా ఇంటిపేరులో ఉన్నన్ని అక్షరాలు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు మరి.

"నాకెప్పుడూ ఇలా ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు" అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువయ్యేది.

స్పీచ్ అండ్ డిబేట్‌లో, అంటే స్కూళ్ళ మధ్య జరిగే ప్రసంగాల, వాదనల పోటీల్లో, పిల్లని చేర్పిస్తే మనమూ చేరినట్టే. టోర్నమెంటుకి స్కూలు తన వంతు జడ్జీలని తెచ్చుకోవాలి, ఆ జడ్జీలు మనమే. శనివారం తెల్లారకముందే లేచి, చీకట్లో డ్రైవ్ చేసుకుని, ఎవరిదో స్కూలు కెఫెటేరియాలో చల్లారిన కాఫీ పట్టుకుని కూర్చోవాలి. మా అమ్మాయిది అందులో ఒరిజినల్ ఆరేటరీ. సొంతంగా రాసుకున్న పది నిమిషాల ప్రసంగం కాగితం చూడకుండా చెప్పాలి. ఇతరుల మాటలు 150 పదాలు దాటకూడదు. గదిలో ఐదారుగురు పిల్లలు, నల్ల సూట్లలో చిన్న లాయర్లలా. అందరికీ ర్యాంకులిచ్చి ఒక్కొక్కరికీ నాలుగు మాటలు రాయాలి.

మన స్కూలు పిల్లల్ని మాత్రం మనకి వెయ్యరు. పక్షపాతం చూపిస్తామని భయం. నా సంగతి వాళ్ళకి తెలీదు పాపం.

ఎందుకంటే అదే రోజు సాయంత్రం, కారు పార్కింగ్ లాట్ దాటకముందే, నేను మా పిల్లని అడిగిన మొదటి ప్రశ్న: "మూడో రౌండులో తడబడ్డావంట కదా? రాత్రి ఇంకోసారి చూసుకోమన్నానా లేదా?"

కొత్తగా పిల్లల్ని చేర్పించేవాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. ఇంటికొచ్చేటప్పుడు కారులో పోటీ ఊసెత్తకండి, వాళ్ళే చెప్పేదాకా ఆగండి అంటాను. ఓ పదిమందికి చెప్పి ఉంటాను. నేను పాటించింది ఒక్కసారి, ఆ రోజు జలుబుతో నాకు గొంతు పోయింది.

ఇంకో సలహా కూడా ఉండేది, ఓడినప్పుడు వాడేది. మొదటి ఏడాది మా అమ్మాయి లింకన్-డగ్లస్ డిబేట్ చేసేది, ఒకరికొకరు ఎదురుగా వాదించుకునే పోటీ. ఆ పేరు 1858లో ఇల్లినాయ్‌లో సెనేట్ సీటు కోసం వాళ్ళిద్దరూ ఏడు ఊళ్ళలో చేసిన వాదోపవాదాల నుంచి వచ్చిందని చదివి, ఆ సీటు చివరికి డగ్లస్‌కే దక్కిందని తెలిసి తెగ సంబరపడ్డాను. "చూశావా, లింకన్ కూడా ఓడిపోయాడు" అన్నాను. "ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడే వాళ్ళమ్మ పోయింది కదమ్మా, ఇంటికొచ్చాక అడిగేవాళ్ళెవరు?" అంది. ధైర్యం రావాలని చేర్పించాను. ఇంట్లోకైతే వచ్చింది.

బయటి సంగతి అంత గట్టిగా చెప్పలేను. మైకు ముందు పది నిమిషాలు గడగడా మాట్లాడే పిల్ల, హోటల్లో ఇంకో గ్లాసు నీళ్ళు అడగవే అంటే "నువ్వడుగమ్మా" అంటుంది. అయినా దాన్ననేం లాభం, ఆఫీసు మీటింగులో నేను మ్యూట్ తీసేలోపు విషయం మారిపోతుంది. అనుకున్నది చాట్‌లో టైపు చేస్తాను, చివర ఓ నవ్వు బొమ్మ పెట్టి.

నేనూ ఒకప్పుడు వక్తృత్వ పోటీ పిల్లనే. తెనాలి దగ్గర మా హైస్కూల్లో, ఎనిమిదో తరగతి, ఆగస్టు 15. అంశం జాతీయ సమైక్యత. మా తెలుగు మాస్టారు రాసిచ్చింది, నాన్న వారం రోజులు అప్పజెప్పించుకున్నారు. "సభాధ్యక్షులకు, పూజ్యులైన గురువులకు" దాకా బాగానే నడిచింది. రెండో పేరా మొదట్లో మాట పోయింది. కాళ్ళ దగ్గర ఇసుక, జెండా కట్టిన తాడు గాలికి కర్రకి కొట్టుకుంటున్న చప్పుడు, ఇప్పటికీ గుర్తే. కన్సొలేషన్ కింద స్టీలు గ్లాసిచ్చారు. సైకిల్ వెనక ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. కాలవ గట్టు దాకా నాన్న ఏమీ అనలేదు. వంతెన దిగాక, "రెండో పేరా వచ్చునుగా నీకు?" అన్నారు. అంతే.

మొన్న నాన్నకి ఫోన్‌లో చెప్పాను, మనవరాలు సెమీస్ దాకా వెళ్ళిందని. "మరి ఫైనల్సు?" అన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి మీద కయ్యిమన్నాను. పెట్టేశాక మా ఆయన నావైపు ఓ చూపు చూసి టీవీ సౌండు పెంచాడు.

పొగడటం చేతకాదని కాదు, బ్యాలెట్లు చూస్తే తెలుస్తోందిగా. పరాయి పిల్లకి రాసేటప్పుడు ఆ పది నిమిషాలే కనిపిస్తాయి. మనదాని విషయంలో ఆ ముందు రాత్రి ఫోన్ చూసుకుంటూ కూర్చున్న గంట కూడా కనిపిస్తుంది. ఇదీ నా వాదన. రాస్తుంటే నాకే నీళ్ళ మజ్జిగలా ఉంది. పైగా ఇప్పుడు ఏం మెచ్చుకున్నా, అడిగింది కాబట్టి అంటున్నానని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

అయినా నిన్న గరాజ్‌లో ప్రాక్టీసు చేస్తుంటే వాషింగ్ మెషీన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చివరిదాకా విన్నాను, మధ్యలో ఒక్కమాట అనలేదు. కాగితం మీద మూడు లైన్లు రాసిచ్చాను. తాతయ్య గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించిన తీరు గురించి రెండు లైన్లు. మూడోది రాసి కొట్టేశాను.

అది చదివింది. తర్వాత కాగితాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురు పట్టింది.

"'కానీ' తర్వాత ఏముందమ్మా?"

ఏమీ లేదన్నాను. చేతులు అంతలా ఊపకు అని ఉంది.