మిరియం వెంట పదమూడు సంపుటాలు

గడిచిన ఆషాఢం నుంచి ఆంగ్ల రచయిత్రి డొరొతీ రిచర్డ్‌సన్ నవల ‘పిల్‌గ్రిమేజ్’ చదువుతున్నాను. 1915లో మొదలైన ఈ నవల మొత్తం 13 సంపుటాలు. చివరిది రచయిత్రి మరణించిన పదేళ్లకు, 1967లో గాని వెలువడలేదు. కథంతా మిరియం హెండర్సన్ అనే ఒక్క స్త్రీ మనసులోనే నడుస్తుంది. ఆమె చూడనిది, విననిది, తలచుకోనిది మనకు తెలిసే దారి లేదు.

మొదటి రెండు సంపుటాలు కష్టంగానే గడిచాయి. నాలుగోదైన ‘ది టనెల్’లో, లండన్‌లోని దంతవైద్యుల దగ్గర ఉద్యోగం చేసే మిరియం పనిముట్లు శుభ్రం చేసి సర్దే తీరును తీరిగ్గా వర్ణించిన పేజీలను నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే తొలి బస్సులో చదివాను. చీకటితోనే లేచి బోళ్లు తోమి, వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి ముగ్గువేసే మా అమ్మ కళ్లముందు నిలిచింది. ఆ వేళ ఆమె మనసులో ఏ ఆలోచనలు సాగేవో నేను ఏనాడూ అడగలేదు. కొండమల్లేపల్లి దాటేదాకా పుస్తకం తెరిచే ఉంది గాని, పేజీ తిప్పలేకపోయాను.

1918లో ఈ నవల గురించి రాస్తూ రచయిత్రి మే సింక్లెయిర్, మనసులో ఎడతెగక సాగే ఆలోచనలను ప్రవాహంతో పోల్చే ‘చైతన్య స్రవంతి’ అనే మాట వాడారు. రిచర్డ్‌సన్‌కు ఆ పోలిక నచ్చలేదు. నవీన్ నవల ‘అంపశయ్య’ చదివిన మనకు ఈ శిల్పం కొత్త కాదు. అయితే అక్కడ కథానాయకుడు రవితో గడిపేది ఒక్క రోజు, ఇక్కడ మిరియంతో ఏళ్లకేళ్లు. అందుకే ఆమె మాటతీరు, విసుగు, మొండితనం ఇంటి మనిషివిలా అలవాటవుతాయి. కథనం ‘ఆమె’ నుంచి ‘నేను’కు జారిపోయే చోట్ల నేను పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. ప్రస్తుతం ఏడో సంపుటంలో ఉన్నాను. పేజీ గుర్తుగా పెట్టుకున్నది ఆనాటి దేవరకొండ బస్సు టికెట్టే.